కోరలు లేని రక్తపిశాచి

కొరియా దర్శకుడు పార్క్ చాన్-వుక్ 2009లో తీసిన ‘థర్స్ట్’ చూడమని పోయిన నెల ఇక్కడ చెప్పాం. వచ్చిన ఉత్తరాల్లో సగం మెచ్చుకోళ్ళు, సగం తిట్లు. తిట్టినవాళ్ళే మంచి ప్రశ్నలు వేశారు.

సినిమా చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సాంగ్-హ్యున్ అనే క్యాథలిక్ ఫాదర్, ఒక వైరస్‌కు మందు కనిపెట్టే పరీక్షకు తన ఒళ్ళు అప్పగిస్తాడు. రోగం ముదిరి చనిపోతాడు. ఎవరిదో రక్తం ఎక్కించడంతో మళ్ళీ ఊపిరి వస్తుంది. ఆ రక్తం రక్తపిశాచిది. ఊరికి తిరిగొచ్చాక చిన్ననాటి స్నేహితుడు కాంగ్-వు ఇంటికి రాకపోకలు మొదలవుతాయి. అతని భార్య తే-జు మీద మనసు పడుతుంది. కింది జవాబుల్లో కథ కొంత బయటపడక తప్పదు. చివరి ప్రశ్న మాత్రం పూర్తిగా ముగింపు గురించి. చూడనివాళ్ళు దాని ముందే ఆగిపోండి.

కోరల్లేవు, శిలువకు భయపడడు, వెల్లుల్లి ఊసే లేదు. ‘ఇదేం రక్తపిశాచి అప్పా’ అని మా ఇంట్లో అందరూ నవ్వినారు. ఇది ఏ లెక్కన రక్తపిశాచి సినిమా?
*ఒక పాఠకుడు, కడప*

తీసేసినవాటి సంగతి తర్వాత, ముందు ఏం ఉంచుకున్నాడో చూడండి. ఎండ తగిలితే కాలిపోతాడు, రక్తం లేకపోతే బతకడు, ఒంట్లో మామూలు మనిషికి లేని బలం, మామూలు చెవికి అందని శబ్దాలు వినే శక్తి. ఈ నాలుగింటికి దర్శకుడు ఒకటి కలిపాడు: రోగం. రక్తం తాగడం ఆలస్యమైతే పాత వైరస్ తిరగబెట్టి చర్మం మీద బొబ్బలు లేస్తాయి, తాగితే అణిగిపోతాయి. కాబట్టి ఈ ఫాదర్‌కు రక్తం జిహ్వచాపల్యం కాదు, పూటపూటకూ వేసుకోవాల్సిన మందు.

కోరలు తీసేయడంతో ఇంకో చిక్కు వచ్చిపడింది. కోరలున్నవాడు మెడ మీద రెండు చుక్కలు పెట్టి పని కానిస్తాడు. లేనివాడు రక్తం ఎలా తీసుకోవాలి? పైగా ఇతను ఫాదర్, హత్య చేయకూడదు. దర్శకుడు ఈ ఇబ్బందిని చాలా ఓపిగ్గా చూపిస్తాడు. ఆసుపత్రిలో స్పృహ లేని రోగి మంచం పక్కన నేల మీద వెల్లకిలా పడుకుని, అతని ఒంట్లోంచి వచ్చే ట్యూబును నోట్లో పెట్టుకుని, పాలు తాగే పిల్లవాడిలా పీలుస్తాడు. భయం కంటే జాలి ఎక్కువ కలుగుతుంది.

ఆ రోగి ఎవరో గుర్తుపట్టారా? సినిమా మొదట్లోనే మంచం మీద పడుకుని, ఎప్పుడో ఆకలితో ఉన్న పిల్లలకు తన స్పాంజి కేకు ఇచ్చేసిన ముచ్చట ఫాదర్‌కు చెప్పుకున్నవాడు. ‘ఇతను అడిగితే కాదనేవాడు కాదు, అంత ఇచ్చే గుణం’ అని ఫాదర్ తన మనసుకు సర్దిచెప్పుకుంటాడు. మాట్లాడలేనివాడి తరఫున ‘సరే’ అని తనే చెప్పేసుకున్నాడన్నమాట. అక్కడి నుంచి సినిమా మొత్తం ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది: ఇచ్చింది తీసుకున్నాడా, ఇవ్వనిది తీసుకున్నాడా? రెండోసారి చూసేటప్పుడు కేకు ముచ్చటను దాటేయకండి. మొదటిసారి అందరూ దాన్ని కాలక్షేపం మాటలే అనుకుంటారు.

మా సీమ పేరు చెప్పి తీసే సినిమాల్లోనూ బకెట్ల కొద్దీ రక్తం. ఈ సినిమా రక్తానికి మీరింత ముద్దు ఎందుకు చేస్తారు?
*కర్నూలు నుంచి*

ఎత్తిపొడుపు బాగుంది. ఆ సినిమాల్లో రక్తం కోపానికి గుర్తు. ఎవరి పగ ఎంతో చెప్పడానికి చిందుతుంది, తర్వాతి షాట్‌లో హీరో చొక్కా మళ్ళీ తెల్లగా ఉంటుంది. ఈ సినిమాలో రక్తం తిండి. ఎవరి దగ్గరి నుంచి వచ్చింది, ఎంత ఉంది, రేపటికి మిగులుతుందా అన్న లెక్క ఉంటుంది. చిందితే వృథా.

పొద్దున్నే మాంసం అంగడి దగ్గర గిన్నె పట్టుకుని నల్ల (నెత్తురు) కోసం నిలబడే ఊళ్ళలో ఇది అర్థం కానిదేం కాదు. మేక నల్ల ఉల్లిగడ్డ, మిరపకాయ వేసి వేపుడు చేసుకునేవాళ్ళకు రక్తం తిండి కూడానని తెలుసు. కొరియావాళ్ళకూ తెలుసు. ఎద్దు రక్తం గడ్డకట్టించి పులుసులో వేసుకుంటారు, దాన్ని ‘సొంజి’ అంటారు. అందుకే దర్శకుడు రక్తం తాగే దృశ్యాల్లో భయపెట్టే సంగీతం మోగించడు. గుటక శబ్దం, పెదవుల శబ్దం దగ్గరగా వినిపిస్తాడు. మనకు కడుపులో తిప్పేది రంగు చూసి కాదు, ఆ చప్పుడు విని.

ఇది ఫ్రెంచి నవల ఆధారంగా తీసినారని చదివాను. ఆ నవలలో రక్తపిశాచులు ఉన్నారా?
*ఒక పాఠకురాలు, నంద్యాల*

ఒక్కరూ లేరు. నవల ఎమిలీ జోలా రాసిన ‘తెరేజ్ రకేన్’, 1867. తెలుగువాళ్ళు ఈ కథను ఫ్రెంచివాళ్ళ కంటే త్వరగా పట్టుకోగలరని మా నమ్మకం, ఎందుకంటే దాని మూలం మేనరికం. తెరేజ్‌ను పసిపిల్లగా ఉన్నప్పుడు తండ్రి తెచ్చి తన అక్క చేతుల్లో పెట్టి వెళ్ళిపోతాడు. ఆ మేనత్తకు కమీయ్ అని ఎప్పుడూ జబ్బుపడే కొడుకు. పిల్ల ఒంట్లో ఏ రోగమూ లేకపోయినా ఆ కొడుకు గదిలోనే పెరుగుతుంది, అతని మందులే తాగుతుంది. పెద్దయ్యాక అతనికే ఇచ్చి చేస్తారు. ‘ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటుంది, ముసలితనంలో నన్నూ చూసుకుంటుంది’ అనే ఆ మేనత్త లెక్క మనకు కొత్తా?

సినిమాలో రక్తసంబంధం తీసేశాడు. తే-జు ఈ ఇంట్లో చిన్నప్పుడు వదిలేసిన పిల్ల. కాంగ్-వు తల్లి శ్రీమతి రా ఆమెను పెంచింది, కొడుక్కి కట్టబెట్టింది. కూతురా, కోడలా, పనిమనిషా అంటే మూడూ. కొడుక్కి దుప్పటి, మందు, ముద్దుమాటలు; తే-జుకు పురమాయింపులు. అత్త రాక్షసి కాదు, గమనించండి. ప్రేమంతా ఒకవైపే పోసేసి, రెండోవైపు ఏమీ మిగల్చని మనిషి. కిమ్ హే-సుక్ ఆ పాత్రను ఎంత బాగా చేసిందో చెప్పాలంటే ఇంకో ఉత్తరం కావాలి.

నవల నుంచి వచ్చినవి లెక్కపెట్టండి. పారిస్ సందులో సూదులూ దారాలూ అమ్మే కొట్టు ఇక్కడ కొరియా సంప్రదాయ దుస్తుల కొట్టు అయింది. వారానికోసారి చుట్టాలూ స్నేహితులూ చేరి ఆడే డొమినోలు ఇక్కడ పలకలతో ఆడే మాజాంగ్ అయ్యాయి. సేన్ నదిలో పడవ మీంచి తోసేసిన మొగుడు ఇక్కడ రిజర్వాయర్‌లో, రాత్రిపూట చేపలు పట్టడానికి పోయి మునుగుతాడు. పక్షవాతం వచ్చి కదల్లేని, మాట్లాడలేని అత్త కళ్ళతోనే నిజం చెప్పడానికి పెనుగులాడడం నవలలోనూ ఉంది, సినిమాలోనూ ఉంది.

ఇక అసలు ముక్క. నవలలో కమీయ్‌ను పడవలోంచి ఎత్తి నీళ్ళలో వేస్తున్నప్పుడు, వాడు ప్రాణభయంతో తెరేజ్ ప్రియుడి మెడ కొరుకుతాడు. ఆ గాటు ఎంతకీ మానదు. రక్తపిశాచులు లేని నవలలో మెడ మీద కాటు! పైగా 1868లో రెండో ముద్రణకు రాసిన ముందుమాటలో జోలా, తన పాత్రల్ని నడిపించేది నరాలూ రక్తమూనని, స్వేచ్ఛగా ఆలోచించే శక్తి వాళ్ళకు లేదని అంటాడు. పార్క్ చాన్-వుక్ ఆ ‘రక్తం’ అన్న మాటను అక్షరాలా తీసుకున్నాడు. నవలకు రక్తపిశాచిని అతికించాడని కొందరు రాశారు. అతికించలేదు, మెడ దగ్గర అప్పటికే ఉన్న కుట్టు విప్పాడు.

నవలలో హత్య తర్వాత ఇద్దరూ కుళ్ళిపోతారు. సినిమాలో ఒకరే కుళ్ళిపోతారు. తే-జు రక్తపిశాచి అయ్యాక పండగ చేసుకుంటుంది. ఇన్నేళ్ళూ ఇంట్లో చెప్పులు కూడా లేకుండా తిరిగిన మనిషికి ఒక్క రాత్రిలో గోడలు దూకే బలం వస్తే, పాపభీతి ముందొస్తుందా, ఆకలి ముందొస్తుందా? తే-జుగా వేసిన కిమ్ ఓక్-బిన్ నవ్వు చూడండి, జవాబు తెలుస్తుంది.

ఇంతకీ కొరియాలో దీని పేరేంటి?
*గుంతకల్లు నుంచి*

‘బక్‌జ్వి’. అంటే గబ్బిలం. అటు పిట్టా కాదు, ఇటు జంతువూ కాదు. ఎటు గాలి వీస్తే అటు పోయేవాణ్ణి మనం గోడ మీద పిల్లి అంటాం, కొరియాలో గబ్బిలం అంటారు. ఫాదరూ రక్తపిశాచీ ఒకే చొక్కాలో ఉన్నవాడికి ఇంతకంటే సరిపోయే పేరు లేదు. జాషువా గబ్బిలం చదివినవాళ్ళకు ఇంకో తలుపు కూడా తెరుచుకుంటుంది: గుళ్ళోకి రానివ్వని మనిషి తన మొరను గబ్బిలం చేత దేవుడి చెవికి పంపుతాడక్కడ. ఇక్కడ గుడిలోపలివాడే గబ్బిలమైపోయి బయటికొస్తాడు.

మాది చీరల నేత ఇల్లు. సినిమాలో ఆ బట్టల కొట్టు మీదే నా కన్ను పోయింది. ఆ దుస్తులేంటి? రంగులకు అర్థముందా?
*ధర్మవరం నుంచి*

కొట్టులో అమ్మేది హాన్‌బోక్. ఆడవాళ్ళదైతే పైన పొట్టి రవిక లాంటి ‘జొగొరి’, కింద రొమ్ము మీద నుంచే కట్టే వెడల్పు పావడా ‘చిమా’. పెళ్ళిళ్ళకూ పండగలకూ కుట్టించుకుంటారు. మీ ఊళ్ళో పెళ్ళి పట్టు కొనడానికి వచ్చినట్టే అక్కడికీ మంగళకార్యాల కోసమే జనం వస్తారు. అలాంటి కొట్టు వెనక భాగంలో, పైఅంతస్తులో ఏం జరుగుతోందో పెట్టడమే దర్శకుడి చమత్కారం. ముందర పెళ్ళిబట్టలు, వెనక గదిలో పెళ్ళి చచ్చిపోయిన మనుషులు.

రంగుల విషయంలో రెండు దశలే పట్టుకోండి, మిగతాది వాటంతటదే కనిపిస్తుంది. మొదటి సగంలో ఇల్లు చీకటి గుయ్యారం. ముదురు చెక్క, మసక దీపాలు, మూలల్లో ఏముందో తెలియదు. తే-జు బట్టలు కూడా ఆ గోడల్లో కలిసిపోయేలా ఉంటాయి. ఆమె మారాక ఇంటికంతా తెల్ల రంగు వేయించి, ట్యూబులైట్లు దట్టంగా బిగిస్తారు. ఎండ చూడలేనివాళ్ళు ఇంట్లోనే మధ్యాహ్నం తయారుచేసుకున్నారన్నమాట. ఆ తెలుపులో ఆమె నీలం గౌను. బట్టల మనిషి కాబట్టి మీకు చెప్పనక్కర్లేదు, తెల్ల నేత మీద మరక దాగదు. తర్వాతి రక్తమంతా ఆ తెలుపు మీదే పడుతుంది.

ఇంకో సంగతి. ఆ ఇంట్లో కొరియా బట్టలు, చైనా ఆట, రష్యా వోడ్కా, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక స్నేహితుడి భార్య. ఫాదర్ మతమూ బయటినుంచి వచ్చిందే, రక్తపిశాచి కథా బయటినుంచి వచ్చిందే. కొరియా గడ్డ మీద ఇవన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాజాంగ్ ఆడతాయి.

ఒక ఫాదర్‌ను ఇలా చూపించడం మా విశ్వాసాన్ని కించపరచడం కాదా? మా విచారణలో (పారిష్‌లో) ఒకరిద్దరు చూసి బాధపడినారు.
*ఒక క్యాథలిక్ పాఠకురాలు, కడప జిల్లా*

బాధపడినవాళ్ళది తప్పని మేము అనం. పడక దృశ్యాలు దాపరికం లేకుండా ఉన్నాయి, ఫాదర్ దుస్తుల్లో ఉన్న మనిషిని అలా చూడలేనివాళ్ళు ఈ సినిమా వదిలేయడమే మేలు. కానీ ఎగతాళి కోసం తీసింది మాత్రం కాదు. దర్శకుడు క్యాథలిక్ ఇంట్లో పెరిగినవాడు, జెస్యూట్ అనే క్యాథలిక్ సభ గురువులు నడిపే సొగాంగ్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివాడు. దివ్యబలిపూజలో ద్రాక్షరసం క్రీస్తు రక్తమని తెలిసినవాడే, రక్తం తాగక తప్పని గురువును ఊహించగలడు. ఆ పోలికను సినిమా ఎక్కడా నోటితో చెప్పదు, అది దాని మర్యాద.

ఒక ప్రార్థన ఉంది, దాన్ని జాగ్రత్తగా వినండి. పరీక్షకు పోయేముందు ఫాదర్ దేవుణ్ణి అడిగేవి వరాలు కావు. కుష్ఠురోగిలా తన ఒళ్ళు కుళ్ళి అందరూ దూరం జరగాలని, కాళ్ళూ చేతులూ లేనివాడిలా కదల్లేకపోవాలని వేడుకుంటాడు. వినయంలా వినిపిస్తుంది. అందులో ఎంత గర్వముందో సినిమా చివరికి తెలుస్తుంది. అడిగినవి ఒక్కొక్కటే జరుగుతాయి, కొన్ని అతని ఒంటికి, కొన్ని పక్కవాళ్ళకు. బొబ్బలు అతనికి, కదల్లేకపోవడం అత్తకు.

పరీక్షలో బతికి బయటపడ్డాడని జనం అతన్ని మహిమాన్వితుడిగా కొలవడం మొదలుపెడతారు. ఆ భక్తిని తుంచేయడానికి చివర్లో అతను చేసే నీచమైన పని ఒకటుంది. చూడ్డానికి కష్టమే. తన పేరు చెడగొట్టుకోవడమే అక్కడ అతనికి మిగిలిన పూజ.

నవ్వొచ్చే చోట భయం, భయపడే చోట నవ్వు. నవ్వొచ్చా?
*హిందూపురం నుంచి*

నవ్వండి. హత్య తర్వాత, మునిగిపోయిన మొగుడు తడిబట్టలతో వచ్చి మంచం మీద ఇద్దరి మధ్యా పడుకుంటాడు, అది కూడా ముసిముసిగా నవ్వుతూ. పాపభీతిని ఇంతకంటే సూటిగా చూపించినవాళ్ళు లేరు, ఇంతకంటే హాస్యంగానూ లేరు. షిన్ హా-క్యున్ ఆ పాత్రను బతికుండగా ఎంత చిరాకు పుట్టించాడో, చచ్చాక అంత నవ్వించాడు.

మాకు దొరికిన సబ్‌టైటిల్స్ మొదట్లో సరిపోయి, పోను పోను మాటకూ రాతకూ పొంతన లేకుండా పోయినాయి. ఫైలు పాడైందా?
*ఆదోని నుంచి*

ఫైలు బాగానే ఉంది, జత కుదరలేదు. ముందు మీ దగ్గరున్నది ఏ నిడివో చూడండి. థియేటర్లలో ఆడింది 133 నిమిషాలు. దర్శకుడు తర్వాత విడుదల చేసిన పొడుగు కూర్పు దాదాపు 145. ఒకదాని సబ్‌టైటిల్ ఇంకోదానికి అతకదు.

తర్వాత రెండు చోట్ల పరీక్ష చేయండి, సినిమా మొదలైన ఐదో నిమిషం దగ్గర ఒక మాట, వందో నిమిషం దగ్గర ఒక మాట. రెండు చోట్లా ఒకే తేడా, ఉదాహరణకు మూడు సెకన్లే ఉంటే, మొత్తాన్ని జరిపితే చాలు. వీఎల్‌సీ ప్లేయర్‌లో జి మీట నొక్కితే అక్షరాలు ముందుకొస్తాయి, హెచ్ నొక్కితే వెనక్కి పోతాయి, నొక్కినప్పుడల్లా సెకనులో ఇరవయ్యో వంతు. తేడా క్రమంగా పెరుగుతూ పోతే సెకనుకు ఫ్రేముల లెక్క వేరు. సినిమా 23.976 ఫ్రేములది, సబ్‌టైటిల్ 25 ఫ్రేములదానికి చేసింది అయితే, గంటకు రెండున్నర నిమిషాలు, సినిమా చివరికి ఐదున్నర నిమిషాల దాకా ఎడం వస్తుంది. దీన్ని జరపడంతో సరిచేయలేరు. సబ్‌టైటిల్ సవరించే ఏ ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనైనా ఫ్రేమ్ రేటు 25 నుంచి 23.976కు మార్చి భద్రం చేయండి. ఒకచోటి దాకా చక్కగా నడిచి ఉన్నట్టుండి అర నిమిషం ఎగిరితే మాత్రం అది వేరే కూర్పుదే, దాంతో కుస్తీ పట్టకుండా ఇంకోటి వెతకండి.

తెలుగులో సొంతంగా సబ్‌టైటిల్స్ చేస్తున్నామని ఆదోని నుంచే ఇంకొకరు రాశారు. శభాష్. ఫైలును యూటీఎఫ్-8 లోనే భద్రం చేయండి, లేకపోతే తెలుగు బదులు పిచ్చిగుర్తులు వస్తాయి. అక్షరాల బదులు ఖాళీ గళ్ళు కనిపిస్తే తప్పు ఫాంటుది, ప్లేయర్‌లో నోటో సాన్స్ తెలుగు లాంటిది ఎంచుకోండి. వరుసకు 35 అక్షరాలు, తెర మీద రెండు వరుసలు దాటొద్దు. వత్తులున్న లిపి కాబట్టి వరుసల మధ్య కాస్త ఎడం పెంచండి, లేకపోతే పైవరుస వత్తులు కిందివరుస గుడుల మీద కూర్చుంటాయి.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చేవాళ్ళు పోగొట్టుకునేది మర్యాద. ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యూ’. కొరియన్‌లో క్రియ చివరే మర్యాద తెలిసిపోతుంది, మనకు ‘రా’, ‘రండి’ ఉన్నట్టు. వాక్యం చివర ‘యో’ అనో ‘నిదా’ అనో వినిపిస్తే మర్యాదగా మాట్లాడుతున్నట్టు, అవి లేకుండా తెగిపోతే చనువో, చులకనభావమో. ‘సిన్‌బునిమ్’ అంటే ఫాదర్. తే-జు ఎప్పుడు ఎలా మాట్లాడిందో చెవితో పట్టుకుని మీరు, నువ్వు వేయండి. ఇంగ్లీషు చూసి వేస్తే ఆ ఇద్దరి మధ్య దూరం ఎప్పుడు తగ్గిందో మీ ప్రేక్షకుడికి తెలియదు.

మా టీవీలో రాత్రి దృశ్యాలన్నీ నల్లటి మచ్చలు. మాటలు గుసగుసలు, శబ్దాలు మాత్రం గూబ పగిలేలా.
*తాడిపత్రి నుంచి*

టీవీలో ‘వివిడ్’, ‘స్టాండర్డ్’ తీసేసి ‘సినిమా’ గానీ ‘ఫిల్మ్‌మేకర్’ గానీ పెట్టండి. కదలికను నున్నగా చేసే ఏర్పాటు ఆపేయండి, లేకపోతే ఛాయాగ్రాహకుడు చుంగ్ చుంగ్-హూన్ తీసిన బొమ్మ టీవీ సీరియల్‌లా మారిపోతుంది. గదిలో లైటు ఆర్పి, రిజర్వాయర్ దృశ్యం దగ్గర నిలిపి, జుట్టుకూ వెనకున్న చీకటికీ తేడా తెలిసేదాకా బ్రైట్‌నెస్ ఒక్కో గీత పెంచండి. నలుపు బూడిదరంగులోకి తిరిగితే ఎక్కువైనట్టు, ఒక గీత తగ్గించండి.

మాటలు వినపడకపోవడానికి కారణం ఐదు స్పీకర్ల శబ్దాన్ని రెండు స్పీకర్లలోంచి రాబట్టడం. మాటలు ఉండేది నడిమి స్పీకర్‌లో, అది మీకు లేదు. శబ్దం సెట్టింగుల్లో ‘పీసీఎం’ లేదా ‘స్టీరియో’ ఎంచుకుంటే ఆ మాటలు రెండు పక్కలకూ సర్దుకుంటాయి. ‘నైట్ మోడ్’ పెట్టుకోకండి. అది గుటకల శబ్దాన్నీ మాటల్నీ ఒకే ఎత్తుకు తెస్తుంది. మొదట్లో ఫాదర్ నిలువుగా పట్టుకుని ఊదే రికార్డర్ అనే పిల్లనగ్రోవిలో జర్మన్ స్వరకర్త బాహ్ సంగీతం సన్నగా సాగుతూ ఉండగా దాని రంధ్రాల్లోంచి రక్తం కారుతుంది. ఆ మెత్తదనం వినబడకపోతే ఆ దెబ్బా తగలదు.

మా మిత్రబృందం నలభై మందికి హాల్లో వేయాలనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలి?
*అనంతపురం నుంచి*

మొదట కాగితాలు. డిస్కు కొనుక్కున్నా, ఓటీటీకి డబ్బు కట్టినా అది ఇంట్లో చూసుకోవడానికే. హాల్లో వేయాలంటే హక్కుదారుల రాతపూర్వక అనుమతి కావాలి. బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ కూడా ఉండాలని సినిమాటోగ్రాఫ్ చట్టం, 1952 చెబుతుంది. టికెట్ పెట్టడంలేదు కదా అంటే చెల్లదు. కొరియాలోనే ఇది పెద్దలకు మాత్రమే అన్న సినిమా. 18 నిండనివాళ్ళను రానివ్వకండి, పిల్లల్ని వెంటపెట్టుకుని వచ్చేవాళ్ళకు ముందురోజే చెప్పండి, గుమ్మం దగ్గర కాదు.

తర్వాత తెర. సినిమా వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు. 12 అడుగుల వెడల్పు తెర మీద బొమ్మ ఎత్తు 5 అడుగుల పైన ఒక అంగుళమే వస్తుంది. పైనా కిందా నల్లపట్టీలు చూసి కంగారుపడి ‘జూమ్’ నొక్కకండి, పక్కలు తెగిపోయి మాజాంగ్ బల్ల దగ్గర ఇద్దరు మాయమవుతారు. సబ్‌టైటిల్‌ను ఆ కింది నల్లపట్టీలోకి దించితే బొమ్మ మీద పడదు. తెర మడతల్లేని తెల్ల మాట్ గుడ్డ చాలు. ప్రొజెక్టర్ 3000 ల్యూమెన్లది తీసుకోండి. దూరానికి లెక్క సులువు: ప్రొజెక్టర్ త్రో (బొమ్మ వెడల్పుకు దూరం ఎన్ని రెట్లో చెప్పే లెక్క) 1.5 అయితే 12 అడుగుల బొమ్మకు 18 అడుగుల దూరం. మొదటి వరుస కుర్చీలు తెరకు 12 అడుగుల లోపల వేయకండి.

మీ ఊరి ఏప్రిల్, మే నెలల్లో ఏడున్నరకు ముందు మొదలుపెడితే కిటికీ సందుల వెలుతురు చాలు సినిమా చెడగొట్టడానికి. నల్లగుడ్డ కట్టినా పైన వెంటిలేటర్లను మర్చిపోతారు, అవీ మూయండి. కరెంటు పోతే దీపం ప్రొజెక్టర్ ఒక్కసారిగా ఆగి, ఫ్యాన్ తిరగక దీపం వేడికి పాడవుతుంది. ఒక కేవీఏ యూపీఎస్ మధ్యలో పెట్టండి, స్పీకర్లు దానికి కలపకండి.

ఇంటర్వెల్ లేదు. ఇవ్వక తప్పదనుకుంటే రిజర్వాయర్ రాత్రి ముగిసిన చోట ఆపండి. ఆ తర్వాత సినిమా ఊపిరి మారుతుంది కాబట్టి అతుకు కనపడదు. ప్రేక్షకులకు ముందు చెప్పాల్సిన పరిచయం ఒక్క వాక్యమే: ‘ఇది 2009లో కేన్స్‌లో జ్యూరీ బహుమతి పంచుకున్న సినిమా, ప్రేమకథ.’ రక్తపిశాచి అని చెప్పారో, అందరూ కోరల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ముగింపు చూసినవాళ్ళు మాత్రమే చదవండి. ఆ బూట్ల గొడవేంటి? అంత విషాదంలో బూట్లెందుకు?
*ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు*

వెనక్కి పోయి ఒక రాత్రి వీధిని గుర్తుచేసుకోండి. తే-జుకు రాత్రుళ్ళు ఇల్లు వదిలి ఒట్టి కాళ్ళతో పరుగెత్తే అలవాటు. ఎక్కడికీ పోదు, పరుగెత్తి తిరిగొచ్చేస్తుంది. ఫాదర్ ఎదురుపడతాడు. ఏమీ అడగడు. ఆమెను నడుం పట్టి గాలిలోకి లేపి, తన బూట్లు విడిచి, ఆమెను వాటిలోకి దించుతాడు. ఆ బూట్లు ఆమెకు చాలా పెద్దవి. అంత బలమున్నవాడు ఎముక విరవకుండా ఒక మనిషిని బూట్లలోకి దించడమే ఈ సినిమాలో ప్రేమలేఖ. మొదటి జవాబులో చెప్పిన లెక్క ప్రకారం చూస్తే, ఇది ఎవరూ అడగకుండానే ఇచ్చింది. అతను ఆమెకు ఇచ్చిన వాటిలో హత్య లేనిది, రక్తం లేనిది ఇదొక్కటే.

ఆమె అతనికి అబద్ధం చెప్పింది. తన తొడ మీద గాట్లు తనే పెట్టుకుని మొగుడి మీద వేసింది, దాన్ని నమ్మే అతను చంపాడు. నిజం తెలిశాక ఆమెను అతనే చంపి, తన రక్తంతో అతనే లేపాడు. ఇదంతా దాటి వచ్చాక కొండ అంచున కారు ఆగుతుంది. తెల్లవారబోతోంది. నీడ ఎక్కడా లేని చోటు కావాలని వెతికి తెచ్చాడు. ఆమె ఒప్పుకోదు. డిక్కీలో దాక్కుంటుంది, కారు కింద దూరుతుంది, అతను ప్రతిసారీ దాపు తీసేస్తాడు. ఆ పెనుగులాట చాలాసేపు ఉంటుంది, మాటలుండవు, కొన్నిచోట్ల నవ్వొస్తుంది కూడా. ఇవ్వనిది తీసుకోకూడదన్న మనిషి చివరికి ఆమె ప్రాణాన్ని ఆమె ‘సరే’ అనకముందే తీసుకుంటున్నాడు. ఇది దిద్దుకోలేని తప్పా, అతను చేయగలిగిన ఒకే మంచి పనా? దర్శకుడు తేల్చడు, మేమూ తేల్చం.

చివరికి ఆమె పెనుగులాట ఆపి వచ్చి కారు ముందు బానెట్ మీద అతని పక్కన కూర్చుంటుంది. దాచిపెట్టుకున్న ఆ పాత బూట్లు తెచ్చి తొడుక్కుంటుంది. ‘సరే’ అన్న మాట నోటితో అనదు, బూట్లతో అంటుంది. ఎండ వస్తుంది. కాళ్ళు బూడిదై రాలుతున్నప్పుడు బూట్లు కిందపడతాయి. వెనక సీట్లో పక్షవాతపు అత్త, కదిలేవి కళ్ళొక్కటే, అన్నీ చూస్తూ ఉంటుంది.